వాకిన్ క్లోజెట్ బిగించడానికి హ్యాండీమ్యాన్‌ని పెట్టుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

బట్టల కోసం విడిగా ఒక చిన్న గది ఉండి, లోపలికి నడిచి వెళ్లి కావలసింది చేతికి తీసుకోగలిగితే పొద్దుటి హడావిడి చాలా తగ్గుతుంది. అరలు, కమ్మీలు, సొరుగులు ఇప్పుడు సెట్టుగా దొరుకుతున్నాయి కాబట్టి సామాను కొనడం తేలికే. వాటిని ఎవరితో బిగించాలన్న దగ్గరే అందరికీ టెన్షన్ మొదలవుతుంది. క్లోజెట్ ఎంత ఖరీదు పెట్టి కొన్నా దాని బలమంతా గోడలోకి దిగిన స్క్రూల్లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ రంగులు, డిజైన్ల గురించి తక్కువగా, గోడ గురించి, కొలతల గురించి ఎక్కువగా చెప్పాను.

ఈ పనికి హ్యాండీమ్యాన్ సరిపోతాడా, కార్పెంటరే కావాలా?

ఫ్యాక్టరీలో కోసి, రంధ్రాలు వేసి, స్క్రూలతో సహా పెట్టెల్లో వచ్చే సెట్టు అయితే అనుభవమున్న హ్యాండీమ్యాన్, అంటే ఇంట్లో చిన్నచిన్న బిగింపు, మరమ్మతు పనులు చేసే మనిషి, చక్కగా బిగిస్తాడు. అక్కడ అవసరమయ్యేవి జాగ్రత్తగా కొలవడం, మట్టం చూడడం, గోడను బట్టి ప్లగ్గు (స్క్రూ పట్టుకోవడానికి గోడ రంధ్రంలో దించే చిన్న గొట్టం) ఎంచుకోవడం. చెక్క కోసి, అంచులకు బ్యాండ్ (అంచును మూసే సన్నటి పట్టీ) అతికించి, మీ గది వంకరలకు తగ్గట్టు కొత్తగా తయారు చేయాలంటే మాత్రం అది కార్పెంటర్ పని. గోడ పడగొట్టాలన్నా, కొత్తగా కరెంటు పాయింటు లాగాలన్నా ఆ పనులు తెలిసినవాళ్లు వేరే ఉంటారు.

రెండింటి మధ్యలో పడే పనులూ ఉంటాయి. సెట్టు రెడీమేడే, కానీ ఒక పక్క పలకను అంగుళమున్నర కోయాలి, లేదా స్కర్టింగ్ దగ్గర గాడి తీయాలి. ఇలాంటివి చేయగలరా అని ముందే అడగండి. చేతి రంపంతో కోస్తే లామినేట్ అంచు పెచ్చులు లేచిపోతుంది. సన్నటి పళ్లున్న బ్లేడుతో, గైడు పెట్టి కోసేవాళ్లయితే గీత శుభ్రంగా వస్తుంది.

ఆయన్ని పిలిచే ముందు నేను తేల్చుకోవలసింది ఏమిటి?

మీ బట్టలు. బీరువాలో ఉన్నవన్నీ ఒకసారి మంచం మీద వేసి, వేలాడదీసేవి ఎన్ని, మడత పెట్టేవి ఎన్ని, పొడవాటివి ఎన్ని అని చూసుకోండి. వేలాడే బట్టల వెడల్పును టేపుతో కొలిస్తే కమ్మీ ఎంత పొడవు కావాలో తెలిసిపోతుంది. చాలామంది కొన్న సెట్టుకు తగ్గట్టు బట్టలు సర్దుకోవాలని చూస్తారు. తర్వాత సగం అరలు ఖాళీగా, కమ్మీలు కిక్కిరిసి ఉంటాయి. చెప్పులు, సూట్‌కేసులు, దుప్పట్లు కూడా లెక్కలోకి తీసుకోండి. చోటు చాలనప్పుడు ముందు నేల మీదికి వచ్చేవి అవే.

కొలతలు నేను తీసి పంపిస్తే చాలదా?

అంచనా చెప్పించుకోవడానికి చాలు. సామాను ఆర్డరు పెట్టే ముందు మాత్రం బిగించే మనిషే వచ్చి కొలవాలి. తేడా వస్తే ఎవరిది బాధ్యత అన్న గొడవ అప్పుడు ఉండదు.

గోడలు చూడడానికి తిన్నగా ఉన్నా టేపు పెట్టి చూస్తే అలా ఉండవు. రెండు గోడల మధ్య దూరాన్ని నేల దగ్గర ఒకసారి, నడుం ఎత్తులో ఒకసారి, పైన ఒకసారి కొలవాలి. మూడింట్లో చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. లోతుకూ అంతే, పైకప్పు ఎత్తుకూ అంతే. మూల సరిగ్గా లంబంగా ఉందో లేదో చూడడానికి ఒక పాత పద్ధతి ఉంది: మూల నుంచి ఒక గోడ మీద 60 సెంటీమీటర్లకు, రెండో గోడ మీద 80 సెంటీమీటర్లకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే సరిగ్గా 100 రావాలి. ఎక్కువొస్తే మూల తెరుచుకుని ఉందని, తక్కువొస్తే ముడుచుకుని ఉందని అర్థం.

తలుపు ఎటు తెరుచుకుంటుంది, స్విచ్చు బోర్డు ఎక్కడుంది, ఏసీ గాలి వచ్చే జాలీ ఎక్కడుంది, స్కర్టింగ్ ఎంత మందం అన్నవి కూడా కొలతలు వేసిన గది బొమ్మలోనే రాసి పెట్టుకోవాలి. సొరుగు బయటికి లాగినప్పుడు తలుపు చట్రానికి తగిలే క్లోజెట్లు ఎన్నో ఉన్నాయి. కాగితం మీద దిద్దుకోవడం నిమిషం పని, బిగించాక దిద్దాలంటే మొత్తం విప్పాలి.

ఇంకొకటి ఎక్కువమందికి తట్టదు. పలకలతో కూర్చే పొడవాటి పెట్టెను నేల మీద పడుకోబెట్టి జోడించి తర్వాత నిలబెడతారు కదా. ఎత్తు 220, లోతు 60 సెంటీమీటర్లున్న పెట్టె నిలబెట్టేటప్పుడు ఐమూలగా దాదాపు 228 సెంటీమీటర్ల చోటు అడుగుతుంది. పైకప్పు 225 ఎత్తులో ఉంటే అది సగంలో ఇరుక్కుంటుంది. అలాంటి గదిలో నిలబెట్టే జోడించుకు రావాలి, అందుకు ఇద్దరు మనుషులు కావాలి.

నా గది వెడల్పుకు రెండు వైపులా బట్టలు వేలాడతాయా?

హ్యాంగర్‌కు వేసిన బట్టకు దాదాపు 60 సెంటీమీటర్ల లోతు కావాలి. రెండు వైపులా అంటే 120. మధ్యలో మనిషి నిలబడి, తిరిగి, వంగి సొరుగు లాగాలంటే 75 నుంచి 90 ఉండాలి. అంటే గది రెండు మీటర్లకు దగ్గరగా ఉంటేనే రెండు వైపులా కమ్మీలు పెట్టుకోవచ్చు. అంతకన్నా సన్నటి గదిలో ఒక వైపు కమ్మీలు, ఎదురుగా 30, 35 సెంటీమీటర్ల లోతు అరలు పెట్టుకోవడం మేలు. మడత బట్టలకూ చెప్పులకూ ఆ లోతు చాలు.

కమ్మీలు ఎంత ఎత్తులో పెట్టించాలి?

చొక్కాలు, ప్యాంట్లు వంటి పొట్టి బట్టలకు ఒకదాని కింద ఒకటి రెండు కమ్మీలు పెట్టించుకోవచ్చు. కిందిది నేల నుంచి సుమారు 105 సెంటీమీటర్లు, పైది 210 దాకా వస్తాయి. పొడవాటి గౌన్లు, కోట్లకు కమ్మీ కింద 150 నుంచి 170 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. కమ్మీ మధ్య గీత వెనక గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే హ్యాంగర్లు గోడకు రాసుకోవు.

ఈ అంకెలు సగటు మనిషికి. మీ చేయి 210కి అందకపోతే పై కమ్మీని దించమనండి. వాడుకునేది మీరు కాబట్టి బిగించే ముందు ఆ ఎత్తులో చేయి పెట్టి చూసుకోండి.

మూలల్లో ఏం చేయాలి?

రెండు గోడల కమ్మీలనూ మూల దాకా లాగితే అక్కడ బట్టలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఒక వైపు కమ్మీని మూల దాకా పోనిచ్చి, రెండో వైపుది 60 సెంటీమీటర్ల ఇవతలే ఆపేయాలి. లేదా మూలలో వంపు అరలు పెట్టించి, తరచుగా వాడనివి అక్కడ సర్దుకోవాలి.

గోడ ఏ రకమన్నది ఎందుకంత ముఖ్యం?

క్లోజెట్ ఊడి పడిపోయింది అన్న కథల్లో తప్పు దాదాపు ఎప్పుడూ పలకది కాదు, ప్లగ్గుది. కాబట్టి ఈ ఒక్క విషయం మీద మీరూ కాస్త తెలుసుకుని ఉండడం మంచిది.

ముందు బరువు చూద్దాం. ఒక మీటరు కమ్మీకి పలచటి చొక్కాలు పాతిక, ముప్పై పడతాయి. హ్యాంగర్‌తో కలిపి ఒక్కొక్కటి మూడు వందల గ్రాములు వేసుకున్నా పది కిలోలకు దగ్గరకొస్తుంది. మందపాటి కోట్లు, జీన్స్ అయితే ఇరవై దాటిపోతుంది. దీనికి పలకల బరువు తోడవుతుంది. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) చదరపు మీటరుకు సుమారు 12 కిలోలుంటుంది.

అసలు చిక్కు బరువు కిందికి లాగడంలో లేదు, ముందుకు లాగడంలో ఉంది. బట్టలు గోడకు అంటుకుని ఉండవు, ఎడంగా వేలాడతాయి. గోడ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో 20 కిలోలు వేలాడితే, 15 సెంటీమీటర్ల ఎత్తున్న బ్రాకెట్ తన పై స్క్రూను సుమారు 40 కిలోల బలంతో గోడలోంచి బయటికి పీకుతుంది. బ్రాకెట్ పొట్టిదైతే ఆ బలం ఇంకా పెరుగుతుంది. అర లోతు పెరిగినా అంతే. ప్లగ్గు డబ్బా మీద రాసిన బరువును చూసి ధైర్యపడిపోకూడదనేది ఇందుకే. ఆ అంకె ఏ రకం గోడకు, ఏ వైపు లాగితే అన్నది కూడా చదవాలి.

ఇక గోడ. కాంక్రీటుకూ గట్టి ఇటుకకూ హ్యామర్ డ్రిల్లుతో రంధ్రం వేసి, దుమ్ము ఊది, నైలాన్ ప్లగ్గు దించితే అది గట్టిగా పట్టుకుంటుంది. అయితే పైనున్న సిమెంటు పూత ఒకటి రెండు సెంటీమీటర్లుంటుంది, దానికి పట్టు ఉండదు. ప్లగ్గు ఆ పూత దాటి ఇటుకలోకి దిగాలి. పొట్టి స్క్రూతో సరిపెడితే మొదట్లో బాగానే ఉండి, కొన్ని నెలలకు పెచ్చుతో సహా ఊడొస్తుంది. తేలికపాటి బ్లాకులకు, అంటే పట్టుకుంటే బరువు లేని తెల్లటి గుల్ల ఇటుకలకు, వాటి కోసమే చేసిన ప్లగ్గులు వేరే ఉంటాయి. అక్కడ హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పుతూ రంధ్రం వేయాలి, లేకపోతే రంధ్రం వదులైపోతుంది. జిప్సం బోర్డు గోడ అయితే వెనక ఉన్న చెక్క లేదా రేకు నిట్టాళ్లను వెతికి పట్టుకోవాలి. ఇవి సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరుపుతూ పోతే బోర్డులోని స్క్రూల దగ్గర అతుక్కుంటుంది, నిట్టాడు అక్కడున్నట్టే. నిట్టాడు దొరకని చోట బోర్డు వెనక రెక్కలు విప్పుకునే టాగుల్ బోల్టు వాడాలి. అప్పుడు కూడా ఎక్కువ బరువు దాని మీద వేయకూడదు.

మొదటి రంధ్రం వేసేటప్పుడు దగ్గరుండి చూడండి. ఎర్రటి పొడి రాలితే ఇటుక. బూడిద రంగు పొడి, డ్రిల్లు కష్టంగా కదులుతూ ఉంటే కాంక్రీటు. పిండిలాంటి తెల్ల పొడి రాలి, బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోతే జిప్సం బోర్డు, వెనక ఖాళీ. పనితెలిసిన మనిషి ఆ పొడిని చూశాకే ఏ ప్లగ్గు తీయాలో నిర్ణయించుకుంటాడు. ఏ గోడకైనా ఒకే డబ్బాలోంచి ప్లగ్గులు తీస్తుంటే అక్కడే ఆపి అడగండి.

గోడలో కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఉంటే?

ఉంటాయనే అనుకుని పని మొదలుపెట్టాలి. స్విచ్చు, ప్లగ్ పాయింటు నుంచి నిట్టనిలువుగా, అడ్డంగా వెళ్లే దారుల్లో వైర్లు ఉండే అవకాశం ఎక్కువ. గోడ అవతల బాత్రూమో వంటిల్లో ఉంటే పైపుల సంగతి చూడాలి. గోడలో లోహాన్ని, వైర్లను పసిగట్టే చిన్న పరికరాలున్నాయి. ఆయన దగ్గర అది ఉందా అని అడగండి. ప్లాస్టిక్ పైపులను అన్ని పరికరాలూ పట్టుకోలేవు కాబట్టి, ఇల్లు కట్టినప్పటి ఫొటోలు గానీ, ప్లాను గానీ ఉంటే తీసి చూపించండి. అనుమానం ఉన్న గోడ మీద డ్రిల్ చేసేటప్పుడు ఆ వైపు కరెంటు ఆపేయడం తప్పనిసరి.

గోడకు వేలాడేది మంచిదా, నేల మీద నిలబడేది మంచిదా?

గోడ గట్టిదైతే వేలాడే రకమే నాకు నచ్చుతుంది. పైన ఒక ఉక్కు పట్టీ బిగించి, దానికి నిలువు పట్టీలు తగిలించి, వాటిలోకి బ్రాకెట్లు గుచ్చుతారు. కింద ఊడ్చుకోవచ్చు, నేల ఎత్తుపల్లాలతో పని లేదు, రేపు అరలు మార్చుకోవాలన్నా తేలిక. గోడ మీద నమ్మకం లేకపోతే నేల మీద నిలబడేదే తీసుకోండి, బరువు నేల మోస్తుంది. అయినా పై భాగాన్ని గోడకు కట్టేయాల్సిందే. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, పొడవాటి పెట్టె అలాంటప్పుడే ముందుకు ఒరుగుతుంది. ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా రాజీ పడకండి.

వైరు అరలు, పార్టికల్ బోర్డు, ప్లైవుడ్. ఏది తీసుకోవాలి?

వైరు అరలు చవక, తేలిక, గాలి ఆడుతుంది. పలచటి బట్టల మీద గీతలు పడతాయి, చిన్న వస్తువులు సందుల్లోంచి జారిపోతాయి. లామినేట్ వేసిన పార్టికల్ బోర్డు చూడడానికి బాగుంటుంది, రెడీమేడ్ సెట్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. దానికి నీళ్లు పడవు. అంచు బ్యాండ్ ఊడిన చోట తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు. ప్లైవుడ్ బరువు బాగా మోస్తుంది, స్క్రూ విప్పి బిగించినా పట్టు వదలదు, ధర ఎక్కువ.

ఏదైనా సరే, అర పొడవు మీద కన్నేసి ఉంచండి. అదే బరువు, అదే మందం ఉన్నా పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు అర 80, 90 సెంటీమీటర్లు దాటితే మధ్యలో ఆసరా అడగాలి. కమ్మీకి కూడా మీటరు దాటితే మధ్యలో ఒక కొక్కెం ఉండాలి.

సామాను నేను కొనాలా, ఆయన్నే తెమ్మనాలా?

సెట్టు మీరే కొనండి, ప్లగ్గులు, స్క్రూలు ఆయన్ని తెచ్చుకోమనండి. సెట్టుతో వచ్చే ప్లగ్గులు మీ గోడకు సరిపోతాయన్న హామీ లేదు. పెట్టెలు రాగానే విప్పి లెక్క చూసుకోవాలి. ఒక కబ్జానో, ఒక సొరుగు పట్టాలో తక్కువైందని పని రోజున తెలిస్తే ఆ రోజు కూలీ మీ నెత్తిన పడుతుంది. పలకలను పడుకోబెట్టి ఉంచండి. గోడకు చేరవేసి రోజుల తరబడి ఉంచితే వంగిపోతాయి.

మంచి హ్యాండీమ్యాన్ అని ఎలా గుర్తుపట్టాలి?

గది చూడకుండా రేటు చెప్పేవాళ్లకన్నా, ముందు గోడ తట్టి చూసేవాళ్లను నమ్మండి. నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: "ఈ గోడకు ఏ ప్లగ్గు వాడతారు, ఎందుకు?" దానికి వచ్చే జవాబులోనే ఆయన అనుభవం బయటపడుతుంది. "ఏం కాదు సార్, నేను చూసుకుంటాను" అనేది జవాబు కాదు.

ఇంతకుముందు చేసిన క్లోజెట్ల ఫొటోలు అడగండి. ఫొటోలో ముఖ్యంగా పలకకూ గోడకూ మధ్య సందు, సొరుగుల మధ్య గీతలు చూడండి. సందులు పైనుంచి కింది దాకా ఒకే మందంలో ఉంటే చేయి తిరిగిన పని. ఏడాది కిందట చేయించుకున్న వాళ్లతో ఒకసారి మాట్లాడించమనండి, నిన్న చేసిన పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. లైసెన్సు, బీమా మీ ఊళ్లో ఈ పనికి అవసరమైతే కాగితాలు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పైపు పగిలి కింది ఇంట్లోకి నీళ్లు కారితే ఆ ఖర్చు ఎవరిదన్నది అప్పుడు తేలే విషయం కాదు.

గంటల లెక్క మంచిదా, గుత్తకు ఇవ్వడం మంచిదా?

కొలతలు తీసి, సెట్టు ఖరారైతే గుత్తకే మాట్లాడుకోండి. ఇద్దరికీ నిశ్చింత. పాత అరలు పీకాలి, వెనక గోడ ఎలా ఉందో తెలియదు అన్నప్పుడు ఆ భాగం వరకు గంటల లెక్క న్యాయంగా ఉంటుంది. తెలియని దానికి గుత్త అడిగితే ఆయన భయపడి ఎక్కువ చెబుతాడు, లేదా తక్కువ చెప్పి తొందర తొందరగా లాగించేస్తాడు. ముగ్గురి దగ్గర అంచనా తీసుకుంటే ధర ఏ మాత్రం ఉంటుందో తెలుస్తుంది. అందరికన్నా బాగా తక్కువ చెప్పినవారిని అందులో ఏమేం కలవలేదో అడగండి.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

సామాను మీరే కొంటే పెద్ద అడ్వాన్స్ అవసరం రాదు. ఆయన కొనుక్కు రావలసినవుంటే వాటి మేరకు ఇవ్వండి. చివరి వాయిదా మాత్రం ప్రతి సొరుగూ లాగి చూశాకే ఇవ్వాలి.

కాగితం మీద ఏమేం ఉండాలి?

గది బొమ్మ, దాని మీద కమ్మీల ఎత్తులు. ఎంత డబ్బు, ఎప్పుడెప్పుడు. పాత అరలు పీకడం, రంధ్రాలు పూడ్చడం, అట్టపెట్టెలు తీసుకెళ్లడం ఎవరి పని. మధ్యలో మీరు మనసు మార్చుకుంటే అదనపు డబ్బు ఎలా లెక్క వేస్తారు. బిగించినది వదులైతే ఎన్నాళ్ల లోపు వచ్చి సరిచేస్తారు. ఒక పేజీ చాలు, ఫోన్లో మెసేజ్‌గా పంపి "సరే" అనిపించుకున్నా పనికొస్తుంది. నోటి మాటగా వదిలేసినవాటిలో ఎక్కువ గొడవ వచ్చేది పాత రంధ్రాలు పూడ్చడం దగ్గరే.

ఎన్ని రోజులు పడుతుంది?

వైరు అరలు కొన్ని గంటల్లో అయిపోతాయి. పలకలు, సొరుగులు ఉన్న మధ్య రకం గదికి ఒకటి, రెండు రోజులు. పాతవి పీకి, గోడ పూడ్చి, రంగు వేయాలంటే ఆ పూత ఆరడానికే విడిగా రోజులు కావాలి.

పని రోజుకు ముందు గది ఎలా ఉండాలి?

పూర్తిగా ఖాళీగా. "ఈ మూల సామాను పక్కకు జరుపుతాంలే" అనుకుంటే డ్రిల్లు దుమ్మంతా బట్టల్లోకి పోతుంది. రంగు వేయించాలనుకుంటే ముందే వేయించేయాలి, క్లోజెట్ బిగించాక బ్రష్షు వెనక్కి పోదు. పక్క గదిలో పలకలు పరిచి జోడించుకోవడానికి చోటు, ఒక ప్లగ్ పాయింటు ఇవ్వండి. ఇల్లు బాగా పాతదైతే గోడ రంగులో సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా గీకించకండి. నేల మీద కార్పెట్ ఉండి, మీరు కొన్న క్లోజెట్ నిలబడే రకమైతే, దాని కింద కార్పెట్ కోయాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మెత్తటి కార్పెట్ మీద పొడవాటి పెట్టె నిలకడగా ఉండదు.

లోపల లైటు కూడా ఆయనతోనే పెట్టించొచ్చా?

బ్యాటరీతో పనిచేసే, మనిషి కదిలితే వెలిగే ఎల్‌ఈడీ పట్టీలైతే నిరభ్యంతరంగా. కొత్త వైరింగ్ అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వేడెక్కే బల్బును బట్టలకు దగ్గరగా, మూత లేకుండా ఎప్పుడూ పెట్టించకండి. వైరింగ్ ఉంటే అది క్లోజెట్ బిగించడానికి ముందే పూర్తవ్వాలి.

పని జరుగుతుంటే నేను దగ్గరుండాలా?

రోజంతా అక్కర్లేదు. మొదటి గంట ఉండండి. ఆ గంటలోనే గోడ మీద మొదటి అడ్డగీత పడుతుంది, తర్వాత ప్రతిదీ దాన్ని పట్టుకునే వెళ్తుంది. నేల నుంచి టేపు పెట్టి రెండు చివర్లా ఒకే ఎత్తు గుర్తు పెడితే చాలదు, ఎందుకంటే నేలే వాలుగా ఉండొచ్చు. రసమట్టమో, లేజరో పెట్టి గీయాలి. ఆ గీత చూసి, కమ్మీ ఎత్తులో చేయి పెట్టి చూసుకుని, సరే అనండి. ఆ తర్వాత ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి. వెనక నిలబడి మాటిమాటికీ అడుగుతుంటే కొలత తప్పుతుంది.

డబ్బు ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

సొరుగులతో మొదలుపెట్టండి. ప్రతిదాన్నీ చివరి దాకా లాగి వదలండి. సగంలో తనంతట తాను వెనక్కో ముందుకో జారితే పెట్టె మట్టంగా లేదు. పక్క పట్టాలతో వచ్చే సొరుగుకు ఒక్కో వైపు దాదాపు 12.7 మిల్లీమీటర్ల సందు ఉండాలి. రాసుకుంటుంటే పెట్టె మూలలు లంబంగా లేవేమో అనుమానించాలి. పెట్టె ముఖానికి ఐమూలగా రెండు వైపులా టేపు పెట్టి కొలవండి. రెండు కొలతలూ సమానంగా రావాలి.

కమ్మీ మధ్యలో రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బరువు వేయండి, వేలాడకండి. గోడ దగ్గర సన్నటి చప్పుడు వచ్చినా, బ్రాకెట్ వెనక వెంట్రుకంత సందు తెరుచుకున్నా స్క్రూ పట్టలేదన్నమాట. అరలు తీసి వేరే రంధ్రాల్లోకి మార్చి చూడండి. ఈ రంధ్రాలు చాలా సెట్లలో 32 మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి, అన్ని పలకల్లోనూ ఒకే వరసలో ఉండాలి. ఒక పలకను తలకిందులుగా బిగిస్తే అర వంకరగా కూర్చుంటుంది. పార్టికల్ బోర్డులో ఏదైనా స్క్రూ ఊరికే తిరుగుతుంటే డ్రిల్లుతో అతిగా బిగించి గాడి చెడగొట్టారని అర్థం. అక్కడ కాస్త లావు స్క్రూ వేయించండి, లేదా జిగురుతో చెక్కముక్క నింపి మళ్లీ వేయించండి. ఇవన్నీ ఆయన ఉండగానే చూడండి. మంచి పనివాడు తప్పు చూపిస్తే నొచ్చుకోడు, చాలాసార్లు మీకన్నా ముందే చూపిస్తాడు.

అద్దె ఇంట్లో చేయించుకోవచ్చా?

ఇంటి యజమాని దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుంటే చేయించుకోవచ్చు. నిలబడే రకం తీసుకోండి, పైన పెట్టే రెండు మూడు రంధ్రాలు పోయేటప్పుడు పూడ్చేయొచ్చు.

కొత్త పలకల వాసన ప్రమాదమా?

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసే పలక) జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు కొద్దికొద్దిగా వస్తుంది. కళ్లు మండడం, గొంతు గరగరలాడడం దాని పనే. కొనేటప్పుడు ఈ1 (ఆ వాయువును తక్కువగా వదిలే పలకల తరగతి) లేదా అంతకన్నా తక్కువ వదిలే రకమని రాసి ఉందా చూడండి. కోసిన అంచులన్నీ బ్యాండ్‌తో మూయించండి, ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. బిగించాక కొన్ని రోజులు తలుపులు తెరిచి ఉంచి, ఆ తర్వాత బట్టలు సర్దుకోండి.

గోడకు చెమ్మ ఉంది. అయినా బిగించవచ్చా?

వద్దు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపించాకే. మూసిన గదిలో చెమ్మ గోడకు పలక ఆనిస్తే వెనక బూజు పట్టి, మీకు కనిపించేలోగా బట్టలకు ఎక్కుతుంది. బయటి గోడ, బాత్రూం గోడ అయితే పలక వెనక కాస్త గాలి సందు వదలమనండి, తలుపు కింద కూడా.

కొన్నాళ్లకు కమ్మీ కిందికి దిగినట్టు అనిపిస్తే?

వెంటనే బట్టలు దించేయండి. బ్రాకెట్ గోడకు అతుక్కునే ఉండి కమ్మీ మాత్రమే వంగితే మధ్యలో ఆసరా పెట్టిస్తే చాలు. బ్రాకెట్టే ముందుకు వస్తుంటే అదే రంధ్రంలో పెద్ద స్క్రూ గుచ్చి ఊరుకోకండి. ప్లగ్గు కూర్చున్న చోటు గుల్లబారింది కాబట్టి నాలుగైదు సెంటీమీటర్లు జరిపి కొత్త రంధ్రం వేయించాలి, జిప్సం గోడైతే నిట్టాడు దాకా జరపాలి. బట్టలు సర్దిన నెల రోజులకు ఒకసారి స్క్రూలన్నీ చేత్తో బిగించుకుంటే చాలావరకు ఈ పరిస్థితి రాదు, బరువు పడ్డాక అవి కొంచెం వదులవడం మామూలే. మిగిలిన పలక ముక్కలు, రెండు మూడు ప్లగ్గులు, సెట్టుతో వచ్చిన బొమ్మ కాగితం పై అరలోనే ఒక కవర్లో పెట్టుకోండి. వైర్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిన గోడ ఫొటో కూడా ఫోన్లో దాచుకుంటే, తర్వాత అర జరపడానికి ఎవరు వచ్చినా వెతుకులాట ఉండదు.